దవాఖానా బండి వెనక అద్దం

ఆ శనివారం ఉదయం సమాధానం వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి మొగలిపాళెంలో బండి తీయాలి. పదకొండుకల్లా నెల్లూరు చేరి మందుల పెట్టెలు ఎక్కించుకోవాలి. రాత్రికి అక్కడి ఆసుపత్రి షెడ్డులో పడుకోవాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నర్సుల హాస్టలు వరండాలో నిలబడాలి. అక్కడ శిక్షణలో ఉన్న ఆడవాళ్ళతో వాళ్ళ మనుషులు మాట్లాడుకోవడానికి వారానికి ఆ ఒక్క గంటే ఇస్తారు. ఆ గంటలో భార్య నవోమికి ఒక మాట చెప్పాలి. చెప్పి, సోమవారం పొద్దునకు తిరిగి వచ్చేయాలి.

పథకంలో కష్టమైన భాగం ఆ మాట చెప్పడమే. పేరు సమాధానమే గాని, ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పిన పాపాన పోని మనిషి అతను. వాకాడు చుట్టుపక్కల సముద్రపు పాళేల్లో తిరిగే మిషను దవాఖానా బండికి డ్రైవరు. అది టాపు మూసిన పాత జీపు. పదేళ్ళుగా దాన్ని ఇసకలోనూ ఏటిలోనూ బతిమాలి నడిపిస్తున్నాడు. దానితో మాట్లాడినంతగా మనుషులతో మాట్లాడలేదు. ఏడాది కిందట నవోమి నర్సు చదువుకు పోతూ బస్సు మెట్టు మీద కాలు పెట్టి, "పోయేదా మరి?" అని అడిగింది. పోవద్దనాలని ఉంది. పోయి చదువుకుని రమ్మనాలనీ ఉంది. రెండు మాటలూ గొంతులో ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. చివరికి బయటికి వచ్చింది మూడోది.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి ఒక క్షణం చూసి, లోపలికి పోయి కూర్చుంది. ఆ తరువాత ఆమెను చూసింది రెండే రెండు సార్లు, అదీ నలుగురి మధ్య.

పోయిన వారం ఉత్తరం వచ్చింది. 'ఇంకో అయిదు నెలల్లో చదువు అయిపోతుంది. తరువాత యాడ పని కావాలో సోమవారం లోపల కాగితం రాసియ్యమన్నారు. నెల్లూరు ఆసుపత్రిలోనే ఉండిపొమ్మంటావా, మొగలిపాళేనికి రమ్మంటావా? నీ ఇష్టం అని మాత్రం రాయబాకు.'

సమాధానానికి సంతకం చేయడం, మైళ్ళ అంకెలు వేయడం తప్ప రాత రాదు. అతని ఉత్తరాలన్నీ దవాఖానా కాంపౌండరు పద్మనాభయ్య రాసిపెడతాడు. పద్మనాభయ్య మంచివాడే. కానీ ఏ ఉత్తరమైనా ముందు ఊరి క్షేమ సమాచారాలు రాసి, తరువాత వానల సంగతి రాసి, చివర చోటు మిగిలితే చెప్పినవాడి మాట రాస్తాడు. 'రా' అనే మాటను అతని చేతికి అప్పగించడానికి సమాధానానికి మనసు ఒప్పలేదు. గురువారం నాడే గూడూరు బస్సు కండక్టరు పెంచలయ్యతో, "శనివారం బయలుదేరి వస్తా ఉండానని నవోమికి కబురు పెట్టన్నా" అని చెప్పి పంపాడు. పెంచలయ్య ఆ కబురు గూడూరులో నెల్లూరు బస్సు కండక్టరు చెవిన వేస్తాడు, అతను హాస్టలు వాచ్‌మన్‌కు చెబుతాడు. మొగలిపాళెం కబుర్లన్నీ నెల్లూరు చేరేది అలాగే.

శనివారం ఆరింటికి సమాధానం బండి వెనక తలుపు తీసి లోపల తుడుస్తున్నాడు. పద్మనాభయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సమాధానం! నీ అదృష్టం పండింది పో! మందుల పెట్టెలు రాత్రి బియ్యం లారీలో వాకాడుకే వచ్చేసినాయంట. నెల్లూరు పొయ్యే పనే లేదు. హాయిగా పడుకో!"

 సమాధానం గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. వెనక తలుపు వేశాడు. వేయడంలో ఏడాదిగా లోపల దాచుకున్నదంతా కాస్త చేతిలోకి వచ్చింది. మూరన్నర పొడవు, మూరెడు ఎత్తు ఉన్న వెనక అద్దం భళ్ళున పగిలి అతని కాళ్ళ చుట్టూ పడింది.

చప్పుడుకు డాక్టరు ఎలిశబెతు గారు పళ్ళు తోముకుంటూనే బయటికి వచ్చారు. చుట్టుపక్కల పాళేలకంతా ఆమె ఒక్కరే డాక్టరు. గట్టి మనిషి.

"ఏమైంది?"

"తలుపు గట్టిగా యేసినానమ్మగారూ."

"ఎందుకంత గట్టిగా?"

అతను వంగి గాజు పెంకులు ఏరసాగాడు. ఆమె పెంకులకేసి చూసి నిట్టూర్చారు. "ఈ అద్దం నెల్లూరులో తప్ప దొరకదే."

సమాధానం గుండె ఒక్కసారి ఎగిరి కూర్చుంది. ఇంత మంచి అద్దాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు పగలగొట్టలేదా అనిపించింది. "ఇప్పుడే పోయి యేయించుకొని వస్తానమ్మగారూ," అన్నాడు. ఆ నెలలో ఆమెతో అతను ఆడిన అతి పొడుగు మాట అది.

"నెల్లూరెందుకమ్మా!" అన్నాడు పద్మనాభయ్య. "అద్దమంటే ఏంది, సందు మూసేదే గదా! మన వడ్రంగి మాల్యాద్రి లేడా? పాపం, వీడు రాత్రంతా షెడ్డులో దోమలతో పడుకోవాల."

సాయం చేయాలని తీర్మానించుకున్న మనిషిని ఆపడం ఎలాగో సమాధానానికి తెలియదు. గంటలో మాల్యాద్రి వచ్చాడు, కొలత తీసుకున్నాడు, టేకుపలక దింపి మేకులు కొట్టసాగాడు. ఒక్కో దెబ్బకు నెల్లూరు ఒక్కో మైలు వెనక్కి పోతున్నట్టుంది. మధ్యాహ్నం గూడూరు బస్సు ఆగీ ఆగకుండానే సమాధానం కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"పెంచలయ్యన్నా! వెనకది పగిలింది. మాల్యాద్రి చెక్క కొడతా ఉండాడు. ఇంక ఈ రోజు రాలేనని నవోమికి చెప్పన్నా!"

"ఏందీ?" అన్నాడు పెంచలయ్య, ఇంజను రొదలో చెవి బయటికి పెట్టి.

"వెనకది! పగిలింది! చెక్క!"

పెంచలయ్య తల ఊపాడు. బస్సు కదిలింది.

పలక ఆ మధ్యాహ్నం మూడింటి దాకా నిలిచింది. అప్పుడు కడుపునొప్పితో ఒక ముసలమ్మను బండెక్కించారు. తలుపు వేయగానే లోపల చీకటి కమ్ముకుంది. "ఓరి దేవుడో, బతికుండగానే పెట్టెలో పెట్టి మేకులు కొట్టినార్రో!" అని ఆమె పెట్టిన కేకలకు నలుగురు రోగులు మందు తాగకుండానే లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. డాక్టరమ్మ గారు పలక పీకించేశారు.

సమాధానం లోలోపల సంతోషించాడు. ఇప్పుడు బయలుదేరినా ఆదివారం సాయంత్రానికి కావలసినంత సమయం ఉంది. కానీ పద్మనాభయ్య అప్పటికే సముద్రపు ఒడ్డుకు పోయి, వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన పోలేరయ్యను వెంటబెట్టుకుని వస్తున్నాడు. పోలేరయ్య భుజాన తెరచాప గుడ్డ.

"నా కోడలి కాన్పుకు ఈ బండే గదా వచ్చింది," అన్నాడు పోలేరయ్య. "ఈమాత్రం చెయ్యకపోతే ఎట్టా? తుఫానుకే చినగని గుడ్డ ఇది."

దబ్బనంతో చుట్టూ కుట్టి, తారు తాడుతో బిగించాడు. సాయంత్రం బస్సు వచ్చేసరికి అతని కుట్టు ఇంకా సాగుతూనే ఉంది. సమాధానం నీరసంగా కిటికీ కిందికి పోయాడు.

"చెక్క తీసేసినారన్నా. తెరచాప గుడ్డ చుట్టి కుడతా ఉండారు. ఇంక నా పని అంతేనని చెప్పు."

"అయ్యో పాపం," అన్నాడు పెంచలయ్య. అతనికి ఏం వినపడిందో దేవుడికే తెలియాలి.

తెరచాపతో బండి ఎలా పోతుందో చూడాలని పోలేరయ్యే ముచ్చటపడ్డాడు. సమాధానం ఒడ్డు వెంట బండి తీశాడు. ముందు కిటికీల్లోంచి దూరిన సముద్రపు గాలి గుడ్డను నిండు చూలాలి పొట్టలా ఉబ్బించింది. దుడ్డు కర్రతో తప్పెట కొట్టినట్టు దబదబమని మోత. ఆ మోతకు గేదెలు రెండు కట్లు తెంచుకుని పరుగెత్తాయి. పరుగెత్తినవి ఊరికే పోలేదు, మస్తానమ్మ ఆరబెట్టిన నెత్తళ్ళ మీదుగా పోయాయి. చేప పొట్టుతో, ఇసకతో నిండిన మస్తానమ్మ నేరుగా దవాఖానాకు వచ్చి డాక్టరమ్మ గారి బల్ల ముందు కూర్చుంది. "నా చేపల మీద తెరచాప తోలమని చెప్పింది మీరేనా?" అని అడిగింది. దీపాలు పెట్టే వేళకు తెరచాప పోలేరయ్య ఇంటికి తిరిగిపోయింది.

ఆ సాయంత్రం సమాధానం బండిలో ఒక్కడే కూర్చున్నాడు. స్టీరింగు చక్రం పైన, వెనక్కి చూసుకోవడానికి ఉండే చిన్న అద్దం కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. డ్రైవరుకు కావలసిన వాటం కాదు అది. చదువుకు పోకముందు నవోమి ఈ దవాఖానాలోనే ఆయా. పాళేలకు పోయేటప్పుడు వెనక కిటికీ పక్కన, కాళ్ళ మధ్య మందుల బుట్ట పెట్టుకుని కూర్చునేది. చిన్న అద్దం ఆ వాటంగా వాలితే, వెనక రోడ్డు సగమే కనపడినా, బయటికి చూస్తున్న ఆమె చెంప పూర్తిగా కనపడేది. ఆమె పోయి ఏడాదైనా అతను దాన్ని సరిచేయలేదు. ఇప్పుడు అందులో ఉత్త సందు కనపడుతోంది, దాని అవతల మబ్బుపట్టిన సముద్రం.

ఆదివారం తెల్లవారేసరికి పద్మనాభయ్య ఇంకో ఉపకారం తెచ్చాడు. దాని పేరు హజరత్తయ్య. వాకాడు బజారులో పటాలకు చట్రాలు కట్టే మనిషి.

"అంత పెద్ద అద్దం మామూలుది నా దగ్గర లేదు," అన్నాడు హజరత్తయ్య. "పెళ్ళివారు ఆర్డరిచ్చి తీసుకోని నిలువుటద్దం ఒకటుంది. గాజు గాజే గదా? దాంట్లో నుంచి కనపడకపోయినా, దాంట్లో కనపడుతుంది."

కోసి, రబ్బరు చుట్టి, బిగించేశాడు. మెరిసే వైపు బయటికి. డాక్టరమ్మ గారి అరుదైన నవ్వు కూడా ఆ అద్దంలో ఒకసారి కనపడి పోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు బండి వెనక చేరి తలలు దువ్వుకున్నారు. సమాధానం మాత్రం తన ఉతికిన చొక్కాను మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టాడు. అద్దం బాగుంది. గట్టిగా ఉంది. నెల్లూరుకు పోవడానికి ఇక సాకు మిగల్లేదు. అయిదు నెలల తరువాత నవోమి నెల్లూరులోనే ఉండిపోతుంది, తను జవాబు చెప్పలేదు కాబట్టి. ఆ తరువాత కూడా తను చెప్పడు, ఎవరూ అడగరు కాబట్టి.

తొమ్మిదింటికి ప్రార్థన మొదలైంది. బండిని చర్చికని వేసిన గుడిపాక పక్కన నిలిపారు. రెండో కీర్తన మధ్యలో ఉండగా, చిల్లకూరు ఆసామి ఒకాయన తన ఆబోతును తోలుకుంటూ ఆ దారినే వచ్చాడు. ఆబోతు బండి వెనక్కి వచ్చి నిలబడింది. ఎదురుగా దానంత ఇంకో ఆబోతు కనపడింది. ఇది తల వంచితే అది తల వంచింది. ఇది కాలితో నేల గీరితే అదీ గీరింది. అంత పొగరు చూసి ఊరుకునే జాతి కాదు అది.

కీర్తన ఆగిపోయింది. అందరూ బయటికి వచ్చేసరికి అద్దం తునకలై ఉంది. వెనక తలుపు లోపలికి సొట్టబోయింది. ఆబోతు, శత్రువు ఎటు పోయాడా అని బండి చుట్టూ వెతుకుతోంది.

"నా ఆబోతు శానా నెమ్మదిది," అన్నాడు ఆసామి. "పోట్లాటకు పిలిచింది మీ బండే."

డాక్టరమ్మ గారు కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డారు. ప్రార్థనలో మిగిలిన భాగం అక్కడే పూర్తి చేసుకున్నట్టున్నారు. తరువాత, "సమాధానం, ఈ నిమిషమే నెల్లూరు పో," అన్నారు. "అసలైన అద్దం కోసమే పో. పద్మనాభయ్య గారూ, మీరు నోరు తెరవవద్దు."

ఆ రోజు ఆదివారమనీ, నెల్లూరులో దుకాణాలు ఉండవనీ ఆమెకు గుర్తు లేదు. సమాధానానికి గుర్తుంది. అతను అప్పటికే పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీస్తున్నాడు.

దారంతా వెనకనుంచి దుమ్ము బండిలోకి వస్తూనే ఉంది. కోట దగ్గర ఎదురొచ్చిన బస్సుకు పక్కకు తప్పుకుంటే, ఆ దుమ్ములో చిన్న అద్దం కూడా కనపడలేదు. అతనికి లెక్కలేదు. పెదవులు కదుపుతూ తన మాట వల్లె వేసుకుంటున్నాడు. "నవోమీ, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లు మాదిరి లేదు. ఆ రోజు నీ ఇష్టం అన్నది నా ఇష్టం కాదు. పొయ్యి ముట్టించినప్పుడల్లా రెండు గిన్నెలు తీస్తా ఉండా..." ఇంకా చాలా ఉంది.

నాలుగుకు పది నిమిషాలు తక్కువగా హాస్టలు వరండా ఎక్కాడు. వార్డెను మగ్దలీనమ్మ అతన్ని చూసి కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుంది.

"నువ్వు సమాధానానివి గదూ?"

"అవునమ్మా."

"నీకు వెన్ను విరగలేదా?"

"నాకా? లేదమ్మా."

"నిన్న సాయంత్రం కబురొచ్చింది, నీ వెన్ను పగిలింది, చెక్కపెట్టె కొడతా ఉండారని. రాత్రి ఇంకోటి వచ్చింది, గుడ్డ చుట్టి కుట్టేస్తా ఉండారు, ఇంక నీ పని అంతేనని. ఆ పిల్ల రాత్రంతా తల బాదుకుంది. పొద్దున మొదటి బస్సుకే మీ ఊరు పోయింది."

 సమాధానానికి కోట దగ్గర దుమ్ములో తప్పుకున్న బస్సు గుర్తొచ్చింది.

"కాగితం... ఇచ్చిందా అమ్మా?"

"పోతా పోతా నా చేతిలో పెట్టి పోయింది."

"ఏం రాసింది?"

"కవరు అంటించి ఉంది. పెండ్లాన్ని అడగాల్సింది నన్నడిగితే ఎట్లా? పో, పట్టుకో పో. రేపు ఎనిమిదింటికి ఆమె డ్యూటీలో ఉండాల, తిరుగు బస్సులోనే ఉంటుంది."

పాత జీపు ఆ రోజు పోయినంత వేగంగా అంతకు ముందు ఎప్పుడూ పోలేదు. గూడూరు బస్టాండులో ఆమెను అందుకోవాలని అతని ఆశ. కానీ ఊరింకా మైలు దూరముందనగా రైలు గేటు వేసి ఉంది. అవతలి పక్క నెల్లూరు పోయే బస్సు ఆగి ఉంది. జనం దిగి నిలబడ్డారు. వాళ్ళలో దుమ్ముకొట్టుకుపోయిన తెల్లచీరతో ఒక మనిషి ఒంటరిగా పట్టాల వైపు చూస్తోంది.

సమాధానం బండిని రోడ్డు మధ్యలోనే వదిలేసి గేటు సందులోంచి దూరాడు. "వోయ్, చచ్చిపోతావు!" అని గేటు మనిషి అరిచాడు. ఆ మాట విని ఆమె తలెత్తి చూసింది.

దగ్గరికి వచ్చినవాణ్ణి పలకరించలేదు. వెనక్కి తిప్పి, మెడ దగ్గరనుంచి నడుము దాకా వీపు తడిమింది. చదువుకున్న చేయి అది, ఒక్కో ఎముకా లెక్కపెట్టింది.

"విరగలేదే!"

"విరిగింది వెన్ను కాదు నవోమీ. వెనక అద్దం."

"అద్దమని డాక్టరమ్మ గారు చెప్పినారులే, చేత్తో చూసుకునేదాకా నమ్మలా," అంది. "నా పేణం పోయి వచ్చింది. బస్సులో కండక్టరును అడుగుదామంటే పెంచలయ్యన్నకు ఈ రోజు సెలవంట. నా ఎదురుగానే పోయుంటావు నువ్వు. కొంగు మొహాన కప్పుకొని ఏడస్తా కూర్చున్నా, నిన్నేం చూస్తా?" అని నవ్వబోయి, మళ్ళీ ఏడ్చింది.

ఇదే సమయమనుకున్నాడు సమాధానం. నోరు తెరిచాడు. గూడ్సు బండి వచ్చింది.

అరవై పెట్టెలుంటాయి. నేల అదురుతోంది. అతను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని అతనికి తెలుసు. ఇల్లు ఇల్లు మాదిరి లేదన్నాడు. రెండు గిన్నెల సంగతి చెప్పాడు. చిన్న అద్దం ఇంకా ఎడమకే వాలి ఉందన్నాడు. ఏడాది మాటలన్నీ, ఒకటి కూడా మిగలకుండా, ఆమె మొహంలోకి చూస్తూ చెప్పేశాడు. చివరి పెట్టె వెళ్ళిపోయేసరికి అతని మాటలూ అయిపోయాయి.

"ఏందయ్యా, ఏందో చెప్తా ఉండావు," అంది నవోమి. "ఒక్క ముక్క వినపడలా."

అతను గాలి పీల్చుకున్నాడు. అంతా మళ్ళీ చెప్పే బలం లేదు.

"వచ్చెయ్," అన్నాడు.

 ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "శుక్రవారమే రాసి పెట్టుకున్నా, మొగలిపాళెమే కావాలని."

"మరి నన్నడిగితివే?"

"అడిగినా. నువ్వు జవాబు చెప్పేదాకా కూర్చుంటే నాకు పింఛనే వస్తది. నీ నోటితో అంటావా లేదా అని చూసినా, అంతే."

గేటు లేచింది. బస్సు హారను కొట్టింది, కానీ కదలలేదు. ఎడ్లబండ్లు, లారీలు రెండు వైపులా అరుస్తున్నాయి. దారికి అడ్డంగా, వెనక అద్దం లేని, తలుపు సొట్టబోయిన జీపు ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. "ఎవుడిదిరా ఈ బండి?" అని గేటు మనిషి గొంతు చించుకుంటున్నాడు. ఆ బండి తీస్తే తప్ప ఆమె బస్సు పోదు. సమాధానం తన జీవితంలో ఎన్నడూ నడవనంత మెల్లగా బండి దాకా నడిచాడు. తాళంచెవి జేబులోనే ఉన్నా, రెండు జేబులూ వెతికాడు.

చివరికి పక్కకు తీశాడు. బస్సు అతన్ని దాటి నెల్లూరు వైపు సాగింది. వెనక కిటికీలోంచి, మధ్యన గాజు కూడా అడ్డం లేకుండా, బస్సు కిటికీలో ఊగుతున్న ఒక చేయి చాలాసేపు కనపడింది.

సోమవారం ఉదయం డాక్టరమ్మ గారు అద్దం ఏదని అడిగారు. ఆదివారం దుకాణాలు లేవని అతను చెప్పాడు. ఆమె కోపం తెచ్చుకునేలోపల రోగులు బండెక్కారు. ఎక్కిన ప్రతివాడూ ఈ వారం బండిలో గాలి బాగా తగులుతోందనే అన్నాడు. దాంతో కొత్త అద్దం మాట దవాఖానాలో అందరూ మరిచిపోయారు.

తరువాతి అయిదు నెలలూ, వారానికొకసారి, అదీ ఆదివారం పొద్దునే, ఆ మాట గుర్తుచేసినవాడు సమాధానం ఒక్కడే.